పరాయి దేశంలో తోడు

1914లో మద్రాసు నుంచి కేంబ్రిడ్జి చేరిన శ్రీనివాస రామానుజన్‌కి రాత్రిళ్ళు చలి ఆగేది కాదు. ఓవర్‌కోటు విప్పకుండానే పడుకునేవాడు. దాని మీద శాలువా చుట్టుకునేవాడు. అయినా వణుకు తగ్గేది కాదు. ఆయన్ని ట్రినిటీ కాలేజీకి రప్పించిన హార్డీ అప్పటికే ప్రపంచంలో పేరున్న గణితవేత్త. సూత్రాల గురించి ఇద్దరూ ఎంతసేపైనా మాట్లాడుకోగలరు. ఈ చలి సంగతి మాత్రం మరొకరి వల్ల బయటపడింది.

ఆ మరొకరు ప్రశాంతచంద్ర మహలనోబిస్. కలకత్తా కుర్రాడు, కింగ్స్ కాలేజీ విద్యార్థి. ఒకరోజు రామానుజన్ గదికి వెళ్ళి, రాత్రిపూట వెచ్చగా ఉంటోందా అని మామూలుగా అడిగాడు. ఎప్పుడూ చలిగానే ఉంటోందని జవాబు వచ్చింది. చాలినన్ని కంబళ్ళు ఉన్నాయో లేదోనని మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూశాడు. కంబళ్ళు బోలెడున్నాయి. ఇంగ్లండు పద్ధతిలో వాటి అంచులు పరుపు కిందకి బిగించి దోపి ఉన్నాయి. వాటిని ఎత్తి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కి తెలియదు. అన్నాళ్ళూ కంబళ్ళ పైన, పల్చటి దుప్పటి కింద పడుకుంటున్నాడు. మహలనోబిస్ కంబళ్ళు వెనక్కి మడిచి, ఎలా పడుకోవాలో చూపించాడు.

ఆ ఇద్దరూ ఒకరికోసం ఒకరు వెతుక్కున్నవాళ్ళు కాదు. మహలనోబిస్ అసలు లండన్‌లో చదవాలని బయల్దేరినవాడు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడ్డానికి వెళ్ళి చివరి రైలు తప్పిపోయి, అక్కడే చదువుకుంటున్న మిత్రుడి దగ్గర ఆ రాత్రి ఉండిపోయాడు. కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయం ఆయనకి తెగ నచ్చింది. ఆ కాలేజీలోనే చేరాడు. ఒకరిది తమిళం, మరొకరిది బెంగాలీ. ఒకరు నిష్ఠగా ఉండే వైష్ణవ కుటుంబంలో పుట్టారు, మరొకరు బ్రహ్మసమాజ కుటుంబంలో. కలకత్తాలోనో మద్రాసులోనో అయితే వాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కి ఉండేవాళ్ళు కాదేమో. కేంబ్రిడ్జిలో ఆదివారం ఉదయాల్లో కలిసి చాలా దూరం నడిచేవాళ్ళు.

1914 డిసెంబరులో ఒక మధ్యాహ్నం రామానుజన్ తన గదిలో గ్యాసు మంట మీద కూర కలుపుతున్నాడు. బల్ల దగ్గర కూర్చున్న మహలనోబిస్ స్ట్రాండ్ పత్రికలో వచ్చిన లెక్క ఒకటి పైకి చదివాడు. వీధిలో ఒక ఇంటికి ఇటు ఉన్న ఇళ్ళ నంబర్ల మొత్తం, అటు ఉన్న ఇళ్ళ నంబర్ల మొత్తం సమానం. ఆ ఇంటి నంబరెంత? వీధిలో ఇళ్ళు 50కి పైన, 500 లోపు. మహలనోబిస్ అటూ ఇటూ లెక్కలు వేసి కొన్ని నిమిషాల్లో జవాబు తేల్చాడు: 288 ఇళ్ళలో 204వది. రామానుజన్ గరిటె ఆపకుండానే, అలాంటి జవాబులన్నీ వరసగా దొరికే గొలుసు భిన్నం ఒకటి చెప్పేశాడు. గణితచరిత్రలో ఎన్నోసార్లు చెప్పుకున్న కథ ఇది. ఈ అధ్యాయానికి కావలసింది అందులోని మధ్యాహ్న భోజనం. ఇంటికి వేల మైళ్ళ దూరంలో, ఒకరు వండుతుంటే ఒకరు పత్రిక చదివి వినిపిస్తున్నారు.

ఇలాంటి తోడుని మనవాళ్ళు అదృష్టం కింద జమకడతారు. దొరికినవాళ్ళకి దొరికింది, లేనివాళ్ళకి లేదు అనుకుంటారు. నిజానికి అనుకోని స్నేహాలు కొన్ని పరిస్థితుల్లో ఎక్కువగా పుడతాయి. ఆ పరిస్థితుల్ని చాలావరకు మనిషి తనే కల్పించుకోవచ్చు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం, చిన్న అవసరాన్ని దాచుకోకుండా చెప్పడం, చేతికి ఒక పని పెట్టుకోవడం, అలవాటైన మనిషి కనబడకపోతే వాకబు చేయడం. ముందు బెంగ సంగతి చూసి, తర్వాత ఈ నాలుగూ ఎలా పనిచేస్తాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

బెంగ ఎప్పుడు ముదురుతుంది

విమానం దిగిన మొదటి వారాల్లో బెంగకి తీరిక ఉండదు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె గది, కాలేజీ ఫీజు, గల్ఫ్‌లో అయితే మెడికల్, అకామా (నివాస అనుమతి). రోజుకొక పని ఉంటుంది. అవన్నీ ఓ కొలిక్కి వచ్చాకే అసలు ఇబ్బంది మొదలవుతుంది. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికా వెళ్ళివచ్చిన నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్లని అధ్యయనం చేసి 1955లో ఫలితాలు ప్రచురించాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళూ, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగానే ఇమిడిపోయారు. ఆ మధ్యకాలం ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. తర్వాతి పరిశోధనల్లో అందరికీ ఇదే వరస కనిపించలేదు. అయినా ఏడో నెలలోనో పదో నెలలోనో హఠాత్తుగా దిగులు కమ్మితే, తనలో ఏదో లోపం ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదని ఈ అధ్యయనం చెబుతుంది.

ఫోన్ ఈ బెంగని కొంత తీరుస్తుంది, కొంత దాచిపెడుతుంది. వేసవిలో డాలస్‌లో రాత్రి పదయ్యేసరికి హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. అమ్మ కాఫీ కలుపుతూ వీడియోలో కనిపిస్తుంది. అరగంట మాట్లాడితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ అరగంటలో అబ్బాయి 'తిన్నానమ్మా' అంటాడే తప్ప, జ్వరంతో రెండ్రోజులుగా గది దాటలేదని చెప్పడు. చెప్పినా అక్కడినుంచి అమ్మ కషాయం పంపలేదు. గదికి వచ్చి చూసే మనిషి ఒకరు ఆ ఊళ్ళోనే ఉండాలి. ఇంటివాళ్ళ ప్రేమ ఎంత గొప్పదైనా ఈ ఒక్క ఖాళీ దానితో నిండదు.

ప్రభుత్వాలు కూడా ఈ విషయాన్ని ఇప్పుడు ఆరోగ్య సమస్యగానే చూస్తున్నాయి. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం వ్యవహారాలు చూడటానికి మంత్రులని నియమించాయి. 2023లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి ఒంటరితనం మీద ప్రత్యేక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. ఆయన తల్లిదండ్రులు కర్ణాటక నుంచి వలస వెళ్ళినవాళ్ళు.

ఒకే చోటు, ఒకే వేళ

1904లో జోహన్నెస్‌బర్గ్‌లో ఒక శాకాహార భోజనశాల ఉండేది. న్యాయవాది మోహన్‌దాస్ గాంధీ రోజూ అక్కడికి వెళ్ళేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చి ఒక చిన్న ముద్రణాలయంలో భాగస్వామిగా ఉన్న ఆల్బర్ట్ వెస్ట్ కూడా అక్కడే తినేవాడు. రోజూ సాయంత్రం కనబడటంతో పరిచయమైంది. భోజనాలయ్యాక ఇద్దరూ నడకకి వెళ్ళడం అలవాటైంది. అదే భోజనశాలలో మరో ఇంగ్లీషు యువకుడు తన కార్డు పంపించి గాంధీతో పరిచయం చేసుకున్నాడు. అతను హెన్రీ పోలక్, ఒక పత్రికలో ఉపసంపాదకుడు. డర్బన్ వెళ్తున్న గాంధీకి రైలులో చదువుకోమని ఇంగ్లీషు రచయిత రస్కిన్ పుస్తకం ఇచ్చింది ఈ పోలకే. ఆ రాత్రి ప్రయాణంలో చదివిన పుస్తకమే ఫీనిక్స్ ఆశ్రమానికి దారితీసింది.

అంతకు పదహారేళ్ళ ముందు లండన్‌లో అడుగుపెట్టిన కొత్తలో గాంధీ రాత్రిళ్ళు ఇల్లు తలుచుకుని ఏడ్చేవాడు. తల్లికి ఇచ్చిన మాట ప్రకారం మాంసం తినడు. ఉడకబెట్టిన కూరలు నోటికి సయించేవి కావు. తిరిగి తిరిగి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో శాకాహార భోజనశాల కనిపెట్టాక అతని లండన్ జీవితం మారిపోయింది. శాకాహార సంఘం, దాని పత్రిక, ఆ పత్రిక సంపాదకుడు జోసయ్య ఓల్డ్‌ఫీల్డ్ పరిచయమయ్యారు. తర్వాత ఓల్డ్‌ఫీల్డ్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. తను నివసించే బేస్‌వాటర్‌లోనే శాకాహారుల క్లబ్బు పెట్టి, దానికి కార్యదర్శి అయ్యాడు. నలుగురిలో తనని వేరుచేసిన అలవాటే నలుగురినీ కలిపింది.

రోజూ ఎదురుపడటానికి ఇంత బలముందని 1950లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపించింది. అమెరికాలో ఎంఐటీ వివాహిత విద్యార్థుల కోసం కట్టిన వెస్ట్‌గేట్ నివాసాల్లో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ పరిశీలించారు. పక్క తలుపువాళ్ళలో 41 శాతం దగ్గరి స్నేహితులయ్యారు. అదే అంతస్తులో ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్ళలో 10 శాతమే. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవాళ్ళకి పై అంతస్తువాళ్ళతోనూ స్నేహం కుదిరింది. అందరూ నడిచే దారిలో ఉండటమే వాళ్ళకి కలిసొచ్చింది.

ఎదురుపడటం ఎన్నాళ్ళు సాగాలి? కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ దీన్నే లెక్కకట్టాడు. కొత్త ఊరికి మారి ఆరు నెలలు కూడా కాని పెద్దవాళ్ళనీ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనీ అడిగి చూశాడు. ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. నిజమైన స్నేహానికి 90 గంటల దాకా. ప్రాణస్నేహానికి 200 గంటలు దాటాలి. ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలు పెద్దగా లెక్కలోకి రాలేదు. పని లేకుండా కలిసి ఉన్న గంటలే పనిచేశాయి. వారానికి రెండు గంటలు కలిసేవాళ్ళకి ఆ మొదటి 50 గంటలు పూర్తిచేయడానికి ఆరు నెలలు పడుతుంది. రెండుసార్లు వెళ్ళి 'ఇక్కడెవరూ మనతో కలవరు' అని మానేసేవాళ్ళకి ఈ లెక్క తెలిస్తే ఎంతో మేలు.

అందువల్ల కొత్త ఊళ్ళో మొదట వెతుక్కోవలసింది చోటు. అది నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో ఉండాలి, డబ్బు ఎక్కువ కాకూడదు, ప్రతివారం అదే వేళకి అదే మనుషులు రావాలి. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మంది పరుగుతో మొదలైన పార్క్‌రన్ ఇప్పుడు చాలా దేశాల్లో శనివారం ఉదయాల్లో జరుగుతుంది. రుసుము లేదు, నడిచినా చాలు, పరుగెత్తలేనివాళ్ళు వాలంటీర్లుగా నిలబడొచ్చు. గురుద్వారా ఉన్న ఏ ఊళ్ళోనైనా లంగర్‌లో ఏ మతం వాళ్ళకైనా భోజనం పెడతారు. తినేసి వచ్చేయకుండా వంటింట్లో రొట్టెలు ఒత్తడానికి చేయి కలిపితే నాలుగు వారాల్లో పేరుపెట్టి పిలుస్తారు. పేట గ్రంథాలయం, గుడి, చర్చి, మసీదు, క్రికెట్ మైదానం ఏదైనా పనికొస్తుంది. కువైట్ సిటీలో మాలియా ప్రాంతానికి శుక్రవారం సెలవునాడు చేరే తెలుగువాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వారమంతా ఎవరిళ్ళలోనో వంటపని, పిల్లల పని చేసుకునే కోనసీమ, కడప ఆడవాళ్ళకి ఆ పూటే సొంత పూట.

చిన్న సాయం అడగడం

రామానుజన్ చలికి వణికాడు గానీ ఎవర్నీ అడగలేదు. పరాయి దేశంలో మనవాళ్ళని ఎక్కువగా బాధపెట్టేది ఈ మొహమాటమే. వాషింగ్ మెషీన్‌లో ఏ బటన్ నొక్కాలో, చెత్తలో ఏది ఏ డబ్బాలో వేయాలో తెలియకపోయినా యూట్యూబ్‌లో వెతుక్కుంటారు తప్ప పక్కింటి తలుపు కొట్టరు. అడిగితే విసుక్కుంటారేమోనన్న భయం.

ఆ భయానికి ఆధారం తక్కువ. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో మనుషుల్ని అపరిచితుల దగ్గరికి పంపి చిన్న చిన్న సాయాలు అడిగించారు. ఒకరు ఒప్పుకోవడానికి ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే అంచనా వేయమన్నారు. అసలు అవసరమైనదానికి సుమారు రెట్టింపు మందిని అడగాల్సి వస్తుందని వాళ్ళు అనుకున్నారు. షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ రైలు ప్రయాణికుల్లో కొందరిని పక్కవాళ్ళతో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. ముందుగా ఊహించి చెప్పమని అడిగిన ప్రయాణికులు, మాట కలపడం అంత హాయిగా ఉండదని అనుకున్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ళకే ప్రయాణం హాయిగా గడిచింది. 2014లో అచ్చయింది ఆ అధ్యయనం. 2018లో ఎరికా బూత్‌బీ బృందం మరో విషయం గమనించింది. తొలి పరిచయం అయ్యాక, ఎదుటివాళ్ళకి తాము ఎంత నచ్చామో మనుషులు తక్కువగా అంచనా వేసుకుంటారు. 'నా ఇంగ్లీషు విని ఏమనుకున్నాడో' అని మనవాడు మథనపడుతున్న రాత్రి, అవతలి మనిషి కూడా అలాంటి మథనంలోనే ఉండొచ్చు.

అడగడంలో కొంచెం నేర్పు ఉంది. సాయం ఐదు నిమిషాల్లో అయిపోయేది కావాలి. డబ్బుతో ముడిపడకూడదు. అవతలివాళ్ళకి బాగా తెలిసిన విషయమై ఉండాలి. పక్క ఫ్లాట్ పెద్దాయన్ని 'ఈ చలికి ఎలాంటి బూట్లు కొనాలండీ, ఎక్కడ దొరుకుతాయి' అని అడగొచ్చు. కాఫీ షాపులో రోజూ కనిపించే మనిషిని 'ఈ వీధిలో మంచి బార్బర్ ఎవరు' అని అడగొచ్చు. రెండు రోజుల తర్వాత మళ్ళీ కనబడి 'మీరు చెప్పిన బూట్లే కొన్నాను' అని చెప్పాలి. పరిచయం నిలిచేది ఈ రెండో పలకరింపు వల్లే. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు.

మాట కలపడానికే మొహమాటపడేవాళ్ళకి సాయం చేసే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్‌మార్కెట్ల సంస్థ 2019లో తొందర లేని బిల్లింగ్ కౌంటర్లు మొదలుపెట్టింది. సరుకులు బిల్లు వేయించుకుంటూ కాసేపు కబుర్లు చెప్పుకోవాలనుకునేవాళ్ళు ఆ వరసలో నిలబడతారు. బ్రిటన్‌లో కొన్ని కఫేల్లో అపరిచితులతో మాట్లాడటానికి ఇష్టపడేవాళ్ళ కోసం ప్రత్యేకంగా బల్లలు ఉంటాయి. ఆ బల్ల దగ్గర కూర్చుంటే చాలు, మాట్లాడించడం తప్పు కాదని అందరికీ తెలుసు.

చేతికో పని

ఎదురెదురుగా కూర్చుని 'మీ గురించి చెప్పండి' అంటే నోరు పెగలనివాళ్ళు కూడా పక్కపక్కన పనిచేస్తూ బోలెడు చెబుతారు. మగవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. 1990ల్లో ఆస్ట్రేలియాలో మొదలైన మెన్స్ షెడ్లు దీని మీదే నడుస్తాయి. రిటైరైన మగవాళ్ళు ఒక షెడ్డులో చేరి వడ్రంగం చేస్తారు, సైకిళ్ళు బాగుచేస్తారు. రంపం ఆగినప్పుడల్లా ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్మా ప్రారంభించిన రిపేర్ కఫేలు ఇప్పుడు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. పాడైన మిక్సీ పట్టుకెళితే, బాగుచేయడం వచ్చినవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఉచితంగా చేసి పెడతారు. మిక్సీ విప్పడం వచ్చిన మెకానికల్ ఇంజినీరింగ్ కుర్రాడికి అక్కడ భాష పెద్ద అడ్డు కాదు.

గల్ఫ్ క్యాంపుల్లో ఈ పని వంట. ఒకే గదిలో జగిత్యాల మనిషి, నేపాల్ మనిషి, బంగ్లాదేశ్ మనిషి ఉంటారు. షిఫ్టు దిగొచ్చాక వంటింట్లో పొయ్యి కోసం వంతులు. ఎవరికి వారు వండుకుంటే అలసట, ఖర్చు. నలుగురు కలిసి మెస్ పెట్టుకుంటే ఒకరు ఉల్లిపాయలు కోస్తారు, ఒకరు అన్నం వారుస్తారు, ఒకరు ఖుబ్బూస్ రొట్టెలు తెస్తారు. తెలుగు, నేపాలీ, బెంగాలీ మధ్య సగం సగం హిందీలో మాటలు మొదలవుతాయి. చింతపండు పులుసు అలవాటయ్యే లోపు ఊళ్ళో అప్పు ఎంతుందో, చిన్నపిల్ల ఏ తరగతిలో ఉందో ఒకరికొకరికి తెలిసిపోతుంది. ఇంటినుంచి చావు కబురు వచ్చి, సెలవు దొరక్క కూలబడిపోయిన రాత్రి పక్కన కూర్చునేది ఆ మెస్‌లోని మనుషులే.

తోడు ఎవరై ఉంటారో ముందే తేల్చుకోవద్దు

మనవాళ్ళు తోడు కోసం చూసేటప్పుడు వెతుకులాటని బాగా కుదించేసుకుంటారు. మన భాష, మన వయసు, మన కోర్సు, వీలైతే మన జిల్లా. ఆ కొలతలకి సరిపోయేవాళ్ళు దొరక్కపోతే ఎవరూ లేరనుకుంటారు. చుట్టూ ఉన్న మరో ఒంటరి మనిషి కంటికి ఆనడు.

జర్మనీలో 'వోనెన్ ఫ్యూర్ హిల్ఫె' అనే ఏర్పాటు ఉంది. 1992లో డార్మ్‌స్టాట్‌లో మొదలై కొలోన్, మ్యూనిక్, ఫ్రైబుర్గ్ వంటి నగరాలకి పాకింది. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉన్న వృద్ధులు విద్యార్థికి గది ఇస్తారు. విద్యార్థి అద్దె బదులు పని చేస్తాడు. సాధారణ లెక్క ఏమిటంటే, గది ఎన్ని చదరపు మీటర్లుంటే నెలకి అన్ని గంటల పని. పదిహేను చదరపు మీటర్ల గదికి పదిహేను గంటలు: సరుకులు తేవడం, తోటపని, కంప్యూటర్ నేర్పడం, కాసేపు తోడుగా కూర్చోవడం. కరెంటు, నీళ్ళ ఖర్చు విద్యార్థి పెట్టుకుంటాడు. రోగికి చేసే వైద్యసేవ ఇందులోకి రాదు. అద్దె గది దొరక్క అవస్థపడే మన విద్యార్థులు, జర్మన్ మాట్లాడటం రావాలని ఆరాటపడేవాళ్ళు దీన్ని గురించి తమ ఊళ్ళో విద్యార్థి సేవల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అవసరం రెండువైపులా ఉన్నప్పుడు ఎవరూ ఎవరికీ భారం కారు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల ఒంటరితనం ఇంకో రకం. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవలు బడికి వెళ్ళాక ఇంట్లో డిష్‌వాషర్ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కారు నడపడం రాదు, బస్సు ఉండదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇలాంటి భారతీయ పెద్దలు కొందరు '100 ఇయర్స్ లివింగ్ క్లబ్' అని పేరుపెట్టుకుని ఒక షాపింగ్ సెంటర్ దగ్గర కలుసుకునేవాళ్ళు. న్యూయార్క్ టైమ్స్ 2009లో వాళ్ళ గురించి రాసింది. దానికి భవనం లేదు, నిధులు లేవు. కూర్చునే చోటూ, అందరూ వచ్చే వేళా ఉన్నాయి. పార్కులో మనవణ్ణి ఉయ్యాల ఊపే చైనా అమ్మమ్మకీ గుంటూరు అమ్మమ్మకీ ఒక్క భాషా కలవకపోవచ్చు. ఇద్దరూ రోజూ నాలుగింటికే వస్తారు. చెయ్యెత్తి పలకరించుకోవడంతో మొదలుపెట్టొచ్చు. పిల్లల చేత ఫోన్‌లో అనువాద యాప్ పెట్టించుకుంటే మనవడి పేరూ వయసూ చెప్పుకోవడానికి అది చాలు.

ముఖపరిచయం అంతకు మించి పెరగకపోయినా వృథా పోదు. సి.ఆర్. రావు కథ దీనికి మంచి ఉదాహరణ. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆ తెలుగు యువకుడు సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళాడు. వయసు చాలదని ఉద్యోగం రాలేదు. తను దిగిన దక్షిణాది హోటల్లో ఒక వ్యక్తి పరిచయమయ్యాడు. బొంబాయి నుంచి స్టాటిస్టిక్స్‌లో శిక్షణ కోసం వచ్చినవాడు. అతని వెంట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూడ్డానికి వెళ్ళిన రావు 1941లో అందులోనే చేరాడు. తర్వాత ప్రపంచంలోని గొప్ప గణాంకవేత్తల్లో ఒకడయ్యాడు. ఆ సంస్థని స్థాపించింది కేంబ్రిడ్జిలో రామానుజన్‌కి కంబళ్ళు తీసి చూపించిన మహలనోబిస్. దగ్గరివాళ్ళకి తెలిసినవి ఎక్కువగా మనకీ తెలిసినవే. కొత్త కబురు, కొత్త దారి తరచు ముఖపరిచయస్థుల నుంచే వస్తాయని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక వ్యాసంలో వివరించాడు. హోటల్లో పక్క బల్ల మనిషితో రావు మాట కలపడం అలాంటిదే.

కనబడకపోతే వెళ్ళి చూడాలి

జోహన్నెస్‌బర్గ్‌లో భారతీయ కార్మికుల పేటలో ప్లేగు వచ్చినప్పుడు గాంధీ రోగులకి సేవచేస్తూ, తనవల్ల ఇతరులకి అంటకూడదని భోజనశాలకి నలుగురూ వచ్చే వేళలో వెళ్ళడం మానేశాడు. ఒకటి రెండు రోజులు ఆయన కనబడకపోయేసరికి వెస్ట్‌కి తోచలేదు. తెల్లవారుజామునే వెళ్ళి గాంధీ తలుపు తట్టాడు. తన మీద ఆధారపడినవాళ్ళెవరూ లేరు, రోగులకి సేవచేయడానికి తను సిద్ధమని చెప్పాడు. సేవకి మనుషులు చాలు గానీ డర్బన్‌లో ఇండియన్ ఒపీనియన్ పత్రిక ముద్రణాలయం చూసుకునే మనిషి లేడని గాంధీ చెప్పాడు. వెస్ట్ మర్నాడే రైలెక్కాడు. ఏళ్ళ తరబడి ఆ పనిలోనే ఉన్నాడు. రోజూ కనిపించే కుర్చీ ఖాళీగా ఉంటే ఎందుకని ఆరా తీసిన మనిషి నమ్మకమైన సహచరుడయ్యాడు.

కేంబ్రిడ్జి స్నేహంలో రెండో భాగం ఇంత సవ్యంగా లేదు. మహలనోబిస్ 1915లో భారతదేశం వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్ళలేదు. రామానుజన్ అక్కడే ఉండిపోయాడు. ఒకసారి ఛటర్జీ అనే విద్యార్థినీ, ఆయనకి కాబోయే భార్యనీ, మరొక స్త్రీనీ భోజనానికి పిలిచి స్వయంగా వండి వడ్డించాడు. చారు మారు వడ్డించాడు. మూడోసారి ఆడవాళ్ళిద్దరూ చాలన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ గదిలో లేడు. టాక్సీ పిలిపించుకుని వెళ్ళిపోయాడు. కొన్ని రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి, డబ్బు పంపమని టెలిగ్రాం వచ్చింది. తన వంట నచ్చలేదని మనసు కష్టపెట్టుకున్నాడు. ఎప్పుడో గానీ అతిథి రాని మనిషి, వచ్చిన ఆ ఒక్క పూట మీద ఎన్ని ఆశలు పెట్టుకుంటాడో అర్థం చేసుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. 1917లో జబ్బుపడి శానిటోరియంలలో నెలలు గడిపి, 1919లో ఇంటికి చేరి, మరుసటి ఏడు ఏప్రిల్ 26న కన్నుమూశాడు. అప్పటికి వయసు 32.

ఈ భాగం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. ఒక్క మనిషి మీదే ఆధారపడితే, ఆ మనిషి ఊరు మారినరోజు మళ్ళీ మొదటికొస్తుంది. కనీసం రెండు వేరు వేరు చోట్ల ముగ్గురు నలుగురితో పరిచయం ఉండాలి. ఒక విందు సరిగ్గా జరగలేదని, ఒక మెసేజ్‌కి జవాబు రాలేదని స్నేహాన్ని కొట్టిపారేయకూడదు. ఇక పిలుపు అందుకున్నవాళ్ళు పరాయి ఊళ్ళో వంటచేసి పెట్టిన మనిషికి ఆ పూట ఎంత ముఖ్యమో గుర్తుంచుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు

ఒంటరిగా ఉన్నవాళ్ళని వెతికి మోసంచేసేవాళ్ళూ ఉంటారు. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు, ఓటీపీ ఎంత మంచివాడిగా కనిపించినా కొత్త పరిచయస్థుడి చేతికి ఇవ్వకూడదు. 'నీ ఖాతాలో డబ్బు వేస్తాను, నువ్వు ఇంకొకరికి పంపు, కమీషన్ ఇస్తాను' అన్న స్నేహితుడి మాట వింటే విద్యార్థి వీసాయే కాదు, భవిష్యత్తే పోవచ్చు. ఊరికి వెళ్తుంటే ఇతరులిచ్చిన పార్శిల్ విప్పి చూడకుండా తీసుకెళ్ళకూడదు. మొదటి కొన్నిసార్లు నలుగురు తిరిగే చోటే కలవాలి. ఎక్కడికి వెళ్తున్నారో మరొకరికి చెప్పి వెళ్ళాలి. చేబదుళ్ళు, చీటీలు స్నేహంలోకి తేకపోవడం మంచిది. 'మీవాళ్ళతో ఎక్కువ మాట్లాడకు' అని మిగతావాళ్ళకి దూరంచేసే మనిషి తోడు కాదు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా కొత్త పరిచయాల కోసం ఆగకూడదు. విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలర్లు ఉంటారు. అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14 నంబర్లకి రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

మొదటి నెల పని

మొదటి వారం: ఇంటికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ప్రతివారం జనం చేరే చోట్లు మూడు రాసుకోవాలి. మూడూ చూసి ఒకటి ఎంచుకోవాలి. గొప్పగా ఉందా లేదా అన్నదాని కన్నా మళ్ళీ వెళ్ళగలమా అన్నది చూసుకోవాలి.

రెండో వారం: అదే చోటికి అదే వేళకి వెళ్ళాలి. ఒకరి పేరు అడిగి, ఇంటికొచ్చాక ఫోన్‌లో ఆ పేరూ, ఆ మనిషి చెప్పిన ఒక సంగతీ రాసుకోవాలి. ఐదు నిమిషాల సాయం ఒకటి ఎవరినైనా అడగాలి.

మూడో వారం: రాసుకున్న సంగతి గురించి అడగాలి. మోకాలి నొప్పి అన్నవాళ్ళని ఎలా ఉందని, పరీక్ష ఉందన్నవాళ్ళని ఎలా రాశారని. అడిగిన సాయం ఎలా పనికొచ్చిందో వెళ్ళి చెప్పాలి. అక్కడ కుర్చీలు సర్దడమో, టీ అందించడమో ఒక పని తీసుకోవాలి.

నాలుగో వారం: ఒకరిని భోజనానికి పిలవాలి. పులిహోర, పెరుగన్నం చాలు. కారం తగ్గించాలి, ఏం తినరో ముందే అడగాలి. పిలవడానికి గది అనుకూలంగా లేకపోతే డబ్బాలో పెట్టుకుని పార్కుకి వెళ్ళొచ్చు. వెళ్ళేముందు ఫోన్ నంబర్లు మార్చుకుని, ఇద్దరిలో ఎవరైనా రెండు వారాలు వరసగా కనబడకపోతే రెండోవాళ్ళు ఫోన్ చేయాలని మాట అనుకోవాలి. ఆ నంబరు ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి కూడా ఇచ్చిపెట్టాలి. తర్వాతి సెమిస్టర్‌కో, తర్వాతి వీసా మీదో కొత్తగా దిగినవాళ్ళు కనిపిస్తే, సిమ్ కార్డు ఎక్కడ కొనాలో చెప్పేటప్పుడే వారంలో ఏ రోజు ఎక్కడికి రావాలో కూడా చెప్పి, మొదటిసారి వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి.